సంధి విగ్రహ దక్షుడు బిస్మార్కు

రాజనీతిని బోధించిన మన పూర్వులు రాజు తెలిసికొనవలసిన గుణములు ఆరని లెక్కించిరి. ఇతరులతో పొత్తు కుదుర్చుకొనుట సంధి. పగబూనుట విగ్రహము. దండు వెడలుట యానము. అదను వచ్చువరకు కదలక కూర్చుండుట ఆసనము. ఒకనితో సంధియు వేరొకనితో విగ్రహమును నడపుట ద్వైధీభావము. బలవంతుని నీడ చేరుట సమాశ్రయము. నీతిచంద్రిక చదివిన బాలురకు సైతము వీనిలో కొన్ని పేర్లు పరిచితములే. ఈ యారింటిని గ్రంథములలో చదివి ఊరకున్నవారు పెక్కుమంది కలరు. మన గ్రంథములను చూడకయే, పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా ఖండమునందు, ఇరువదియెనిమిదేండ్లపాటు వీనిని ఆచరణమున నడపినవాడు ప్రష్యా మహామంత్రి ఒట్టో ఫాన్ బిస్మార్కు.

అతని జీవితమున రెండు సంధిపత్రములు ముఖ్యమైనవి. మొదటిది 1866వ సంవత్సరమున ఓడిన ఆస్ట్రియాతో చేసికొన్నది. రెండవది 1871వ సంవత్సరమున ఓడిన ఫ్రాన్సుతో చేసికొన్నది. మొదటి దానియందు ఆస్ట్రియా సొంత భూమిలో ఒక్క సెంటునైనను అతడు కోరలేదు. రెండవ దానియందు రెండు సీమలను కోసి తీసికొనెను. ఒకే చేయి నాటిన ఆ రెండు విత్తనములు రెండు విధములుగా పండెను. ఆ పంటల లెక్క తెలిసికొనుటయే అతని చరిత్రమును చదువుట వలని ప్రయోజనము.

జననము, కాలపరిస్థితి

క్రీ. శ. 1815 ఏప్రిల్ 1వ తేదీన, ఎల్బే నదీతీర ప్రాంతమునందలి షోన్‌హౌసెన్ గ్రామమున బిస్మార్కు జన్మించెను. తండ్రి ఫెర్డినాండు భూస్వామి. ప్రష్యాలో యుంకరులని పేరుగాంచి, సేద్యమును సైనికవృత్తిని కులధర్మముగా నెంచుకొన్న పెద్ద రైతుల తెగకు చెందినవాడు. తల్లి విల్హెల్మీనా రాజోద్యోగుల ఇంటి ఆడుపడుచు, విద్యావతి. భూమిపై మమకారము తండ్రినుండియు, చురుకైన బుద్ధి తల్లినుండియు కుమారునకు సంక్రమించెను.

అతడు పుట్టిన యేడు ఐరోపా చరిత్రమున గొప్ప మలుపు. ఇరువదేండ్లకు పైగా ఖండము నంతటిని కలచివేసిన యుద్ధములు ఆ యేడు జూన్ 18వ తేదీన వాటర్లూ రణరంగమున నెపోలియను పరాజయముతో ముగిసెను. అంతకు కొలది దినములకు ముందే వియన్నా నగరమున రాజులును మంత్రులును సభ దీర్చి ఐరోపా పటమును తిరిగి గీసికొనిరి. ఇంగ్లండు, రష్యా, ఆస్ట్రియా, ప్రష్యా, ఫ్రాన్సు అను నైదును మహారాజ్యములుగా నెన్నబడెను. వీనిలో ఏ యొక్కటియు తక్కినవానిని మ్రింగజాలనట్లు త్రాసు సమముగా నుండవలెనని ఆ సభవారి యాశయము. ఆ త్రాసును ముప్పదేండ్లకు పైగా పట్టి నిలిపినవారిలో ముఖ్యుడు ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్. అన్ని యుద్ధములకు కారణమని నిందపడిన ఫ్రాన్సునకు సైతము దాని పాత యెల్లలను ఇంచుమించుగా విడిచిపెట్టి, మూడేండ్లు తిరుగకముందే దానిని తమ పంక్తిలో కూర్చుండబెట్టుకొనిరి. ఈ సంగతిని చదువరులు మనసున నుంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు.

జర్మనీ యనునది ఆ దినములలో ఒక రాజ్యము కాదు. చిన్నవి పెద్దవి కలిపి 39 సంస్థానములును స్వతంత్ర నగరములును చేరిన కూటమి. దాని సభ ఫ్రాంక్‌ఫర్టు నగరమున కూడుచుండెడిది. అధ్యక్షపీఠము ఆస్ట్రియాది. ప్రష్యాది రెండవ స్థానము.

పల్లెటూరి జీవనము

బిస్మార్కు గొట్టింజెన్ నగరమునను, బెర్లిను నగరమునను న్యాయశాస్త్రము చదివెను. చదువుకన్న ద్వంద్వయుద్ధములకును, అప్పులకును ఎక్కువ పేరుపొందెను. పిమ్మట కొంతకాలము సర్కారు కొలువు చేసెను గాని, పైవారికి లోబడి కాగితములు వ్రాయుట అతని స్వభావమునకు సరిపడలేదు. 1839లో కొలువు విడిచి పొమెరేనియాలోని తమ భూములకు చేరి, అన్నతో కలిసి సేద్యము చేయించి, అప్పులలో మునిగియున్న ఆస్తిని గట్టెక్కించెను. గుఱ్ఱపు స్వారిలోను, త్రాగుడులోను అతడు చేసిన సాహసములను జూచి ఇరుగుపొరుగువారు అతనిని వెఱ్ఱిదొర యనుచుండిరి. కాని పగలు పొలములు తిరిగిన ఆ వెఱ్ఱిదొర రాత్రులు దీపము ముందు కూర్చుండి చరిత్రగ్రంథములను, షేక్స్‌పియరు నాటకములను, బైరను కావ్యములను విరివిగా చదువుచుండెను. తరువాతి కాలమున సభలలోను, రాజాస్థానములలోను అతనికి పనికివచ్చిన విద్యలో చాలభాగము పల్లెలో ఒంటరిగా చదివి సంపాదించినదే.

1845లో తండ్రి గతించెను. బిస్మార్కు షోన్‌హౌసెను చేరి, అచట ఎల్బే నది కరకట్టల పర్యవేక్షణాధికారము నొందెను. మంచు కరగి నది పొంగునపుడు ఏ తావున గండిపడునో ముందే కనిపెట్టి మన్ను వేయించుట ఆ యధికారి పని. వరద వచ్చిన పిదప పరుగెత్తువాడు ఆ పనికి తగడు. ఈ యనుభవమే తరువాత రాజ్యవ్యవహారములలో అతనికి తోడయ్యెను.

1847లో జొహానా అను కన్యను వివాహమాడెను. ఆమె మరణించువరకు ఆ దాంపత్యము అన్యోన్యముగా సాగెను. ఆ యేడే ప్రష్యా ప్రతినిధుల సభలో చేరి, రాజాధికారమును సమర్థించుటలో మిక్కిలి కఠినుడని పేరుపొందెను. మరుసటి యేడు ఐరోపా నగరములలో ప్రజావిప్లవములు చెలరేగెను. మెటర్నిక్ సైతము వియన్నా విడిచి పారిపోయెను. ఆ విప్లవములు అణగిన పిమ్మట, 1851లో రాజు బిస్మార్కును ఫ్రాంక్‌ఫర్టు సభకు ప్రష్యా ప్రతినిధిగా పంపెను.

పొత్తులు మారిన విధము

ఫ్రాంక్‌ఫర్టు సభలో అధ్యక్షుడైన ఆస్ట్రియా ప్రతినిధి మాత్రమే చుట్ట కాల్చుట వాడుక యట. బిస్మార్కు చేరిన కొలది దినములకే తానును చుట్ట తీసి, అధ్యక్షునే నిప్పడిగి ముట్టించెనని చెప్పుదురు. విషయము చిన్నది. దాని వెనుక నున్న భావము పెద్దది. ఒక ఒరలో రెండు కత్తు లిముడవనియు, జర్మను దేశములకు ఆస్ట్రియాయో ప్రష్యాయో ఒక్కటియే పెద్దగా నుండగలదనియు అతడు నిశ్చయించుకొనెను.

అంతలో క్రిమియా యుద్ధము వచ్చెను. 1815 మొదలుకొని రష్యా, ఆస్ట్రియా, ప్రష్యా రాజులు మువ్వురును అన్నదమ్ములవలె మెలగుచుండిరి. 1849లో హంగరీ ప్రజలు తిరుగబడి ఆస్ట్రియా సింహాసనము కదలినపుడు రష్యా జారు చక్రవర్తి సైన్యమును పంపి దానిని నిలిపెను. ఐదేండ్లు గడచినవో లేదో, రష్యాపై ఇంగ్లండు, ఫ్రాన్సు, తురుష్కులు ఏకమై యుద్ధము చేయుచుండగా, ఆస్ట్రియా ఆ మేలు మరచి రష్యానే బెదరించెను. మేలు పొందినవాడు చేసిన ద్రోహము శత్రువు కొట్టిన దెబ్బకన్న లోతుగా నాటును. రష్యా ఆస్ట్రియాను మరి క్షమింపలేదు. మువ్వురు రాజుల పొత్తు అంతటితో చెదరెను. ప్రష్యా ఆ యుద్ధమున ఏ పక్షమును చేరక ఆసనము వహించెను. అట్లుండుటయే మేలని బిస్మార్కు ఫ్రాంక్‌ఫర్టునుండి పదేపదే వ్రాయుచుండెను. 1859లో ఫ్రాన్సును, ఇటలీయందలి పీడ్మాంటు రాజ్యమును కలిసి ఆస్ట్రియాను ఓడించి లొంబార్డీ సీమను దానినుండి తప్పించినపుడు, ఆస్ట్రియాకు తోడు నిలిచిన మహారాజ్య మొక్కటియు లేకపోయెను. ఆ యేడు బిస్మార్కు రష్యా రాజధానికి రాయబారిగా వెళ్ళెను. 1862లో పారిస్ నగరమున రాయబారిగా నుండి మూడవ నెపోలియను చక్రవర్తి మనసును చదివెను.

లెక్కలేని పాలనము

1862లో ప్రష్యా రాజగు విల్హెల్మునకును శాసనసభకును వివాదము ముదిరెను. సైన్యమును పెంచుటకు రాజు ధనమడిగెను. సభ కాదనెను. రాజు సింహాసనమునే విడుతునని తలచుచున్న దశలో, సెప్టెంబరు మాసమున బిస్మార్కును పిలిపించి మంత్రిని చేసెను. ఆనాటి పెద్ద సమస్యలు ఉపన్యాసములతో తీరునవి కావనియు, ఇనుముతోను నెత్తురుతోను తీరుననియు సభాసంఘము నెదుట చెప్పి బిస్మార్కు దేశమంతట అపఖ్యాతి పొందెను. సభ ఆమోదము లేకయే నాలుగేండ్లు పన్నులు వసూలుచేసి సైన్యమునకు ఖర్చుపెట్టెను. ప్రజల సొమ్మునకు ప్రజాప్రతినిధుల యనుమతి లేని ఖర్చు ఎంత ఫలించినను న్యాయమైన పద్దు కానేరదు. యుద్ధము గెలిచిన పిదప 1866లో అతడే సభకు వచ్చి, జరిగినదానిని మన్నింపుమని చట్టము ప్రవేశపెట్టెను. విజయమునకు మురిసిన సభ మన్నించెను. గెలిచినవానిని లెక్క అడుగరాదను దురలవాటు ఆ దేశమునకు ఆనాడే పట్టువడెను.

1863లో రష్యా యేలుబడిలోని పోలండు ప్రజలు స్వాతంత్ర్యమునకై తిరుగబడిరి. ఇంగ్లండు, ఫ్రాన్సు, ఆస్ట్రియా వారిపై సానుభూతి చూపెను. బిస్మార్కు మాత్రము రష్యాతో ఒడంబడిక చేసికొని తిరుగుబాటుదారులను పట్టుటకు తోడ్పడ సిద్ధపడెను. ధర్మదృష్టితో చూచిన నిది క్రూరకార్యము. దానివలన అతనికి కలిగిన లాభము రష్యా స్నేహము.

1864లో ష్లెస్విగ్, హోల్‌స్టయిన్ అను సీమల విషయమై డెన్మార్కుపై యుద్ధము వచ్చినపుడు అతడు ఆస్ట్రియానే తోడు తీసికొనెను. గెలిచిన పిదప 1865లో గాస్టయిన్ ఒడంబడిక ననుసరించి ష్లెస్విగ్ పాలనము ప్రష్యాకును, హోల్‌స్టయిన్ పాలనము ఆస్ట్రియాకును వచ్చెను. ఉమ్మడి గట్టుపై నున్న చెట్టువలె ఆ పంపకము తగవునకు ఎప్పుడును సిద్ధముగా నుండెను.

1866వ సంవత్సరపు సంధి

ఆస్ట్రియాతో పోరునకు ముందు బిస్మార్కు దానిని ఒంటరిని చేసెను. రష్యా కదలదు. ఇంగ్లండునకు ఆ తగవుతో పనిలేదు. మూడవ నెపోలియనును బియారిట్జ్ సముద్రతీరమున కలిసి, ప్రత్యేకముగా ఏమియు వ్రాసి ఇయ్యకయే ఆశ కల్పించి వచ్చెను. ఇటలీతో 1866 ఏప్రిల్ 8వ తేదీన రహస్యపు ఒడంబడిక కుదిరెను. మూడు మాసములలో యుద్ధము వచ్చినచో ఇటలీ తోడు రావలెను. ప్రతిఫలము వెనిస్ సీమ. మూడు మాసముల గడువు పెట్టిన పత్రము యుద్ధము కోరి వ్రాసికొన్న పత్రమే యని వేరుగ చెప్పనక్కరలేదు.

జూన్ మాసమున యుద్ధము మొదలయ్యెను. జూలై 3వ తేదీన బొహీమియాలోని కోనిగ్రాట్జ్ వద్ద ఇరువైపుల కలిపి నాలుగు లక్షలకు పైబడిన సైనికులు తలపడిరి. సేనాపతి మోల్ట్కే రైలుమార్గములమీద దండులను నడపి సమయమునకు చేర్చెను. పండుకొనియే మందు కూరి కాల్చదగిన కొత్త తుపాకులు ప్రష్యా సైనికుల చేతనుండెను. ఒక్క దినమున ఆస్ట్రియా ఓడిపోయెను. ఏడు వారములలో యుద్ధము ముగిసెను.

అపుడు బిస్మార్కునకు అసలు పోరాటము తన రాజుతోనే వచ్చెను. మొదట యుద్ధమునకు వెనుదీసిన విల్హెల్ము రాజు గెలిచిన వెంటనే వియన్నా నగరము ప్రవేశింతుననియు, ఆస్ట్రియా భూమిలో పాలు తీసికొందుననియు పట్టుబట్టెను. సేనానులు ఔననిరి. నికోల్స్‌బర్గు కోటలో జరిగిన ఆ యాలోచనలో బిస్మార్కు ఒక్కడే కాదనెను. రేపు వేరొక శత్రువు వచ్చినపుడు ఈ యాస్ట్రియాతోనే పని పడుననియు, దాని ముఖముమీద మానని గాయము చేసినచో అది వెంటనే ఫ్రాన్సు చేయి పట్టుకొనుననియు అతని వాదము. రాజు వినడయ్యెను. బిస్మార్కు గది చేరి వెక్కి వెక్కి యేడ్చెననియు, కిటికీనుండి దూకుదునాయని తలచెననియు తరువాత తన స్మృతులలో తానే వ్రాసికొనెను. యుద్ధమునే కోరని యువరాజు వచ్చి, తండ్రిని సమాధానపరచెను. రాజు గొణుగుచునే సమ్మతించెను. జూలై 26వ తేదీన సంధి కుదిరెను. ఇటలీకి వెనిస్ సీమ పోయెను. జర్మను కూటమినుండి ఆస్ట్రియా తొలగెను. దాని సొంత సీమలలో ప్రష్యా యేదియు కోరలేదు.

అయితే ఈ యౌదార్యము బలవంతుడైన ఆస్ట్రియాకే గాని బలహీనులకు కాదు. హానోవరు, హెస్సె-కాసెల్, నసావు రాజ్యములును, ఫ్రాంక్‌ఫర్టు నగరమును, డెన్మార్కునుండి వచ్చిన రెండు సీమలును ప్రష్యాలో కలిసిపోయెను. తరతరముల రాజకుటుంబములు వీధిని పడెను. ఉత్తర జర్మను రాజ్యములతో 1867లో కొత్త కూటమి ఏర్పడెను.

1871వ సంవత్సరపు సంధి

పొరుగున జర్మనులు ఏకమగుట ఫ్రాన్సునకు కంటగింపయ్యెను. 1870లో స్పెయిన్ సింహాసనమునకు ప్రష్యా రాజు బంధువు నొకనిని పిలిచిరి. ఫ్రాన్సు అడ్డుచెప్పగా అతడు విరమించుకొనెను. అంతటితో తృప్తిపడక, ఎన్నటికిని అట్టి ప్రయత్నము జరుగదని రాజు మాట యీయవలెనని ఫ్రెంచి రాయబారి ఎమ్స్ పట్టణమున అడిగెను. రాజు మర్యాదగానే నిరాకరించి, ఆ వృత్తాంతమును తంతివార్తగా బిస్మార్కునకు పంపెను. బిస్మార్కు దానిలో ఒక్క మాటయు చేర్చక, కొన్ని మాటలు తీసివేసి పత్రికల కిచ్చెను. కుదించిన ఆ వార్త చదివిన జర్మనులు తమ రాజు నవమానించిరనుకొనిరి. ఫ్రెంచివారు తమ రాయబారి నవమానించిరనుకొనిరి. జూలై 19వ తేదీన ఫ్రాన్సే యుద్ధము ప్రకటించెను.

ఇపుడు 1866నాటి సంధి ఫలించెను. గాయము లేని ఆస్ట్రియా కదలక కూర్చుండెను. రష్యా ప్రష్యాకు అనుకూలముగా నుండెను. ఫ్రాన్సు బెల్జియమును కోరినట్లు తెలుపు పాత ముసాయిదాను బిస్మార్కు లండను పత్రికలో వెల్లడించుటచే ఇంగ్లండునకు ఫ్రాన్సుపై అనుమానము కలిగెను. ఫ్రాన్సు ఒంటరియయ్యెను. సెప్టెంబరు 2వ తేదీన సెడాన్ వద్ద మూడవ నెపోలియను సైన్యముతో కూడ బందీయయ్యెను. 1871 జనవరి 18వ తేదీన, ఫ్రెంచి రాజుల వెర్సెయిల్స్ కోటలోని అద్దాల మహలునందే, విల్హెల్ము జర్మను చక్రవర్తిగా ప్రకటింపబడెను.

1871 మే 10వ తేదీన ఫ్రాంక్‌ఫర్టు సంధి జరిగెను. ఆల్సేస్ సీమయు, లొరెయిన్ సీమలో ఒక భాగమును జర్మనీకి పోయెను. ఫ్రాన్సు ఐదువందల కోట్ల ఫ్రాంకులు చెల్లింపవలసివచ్చెను. ఫ్రెంచి మాటలాడు మెట్జ్ నగరప్రాంతమును తీసికొనుట బిస్మార్కునకు పూర్తిగా రుచింపలేదు. కాని కోటలు కావలెనని సేనానులును, పూర్వము జర్మను భూములే గదాయని ప్రజలును పట్టుబట్టిరి. ఫ్రాన్సు ఎట్లును పగ మానదు గనుక దాని కోటలనైన మనచేత నుంచుకొందమని బిస్మార్కును సమాధానపడెను. నికోల్స్‌బర్గు కోటలో కన్నీరు పెట్టిన మనుజుడు ఇచట కంటతడి పెట్టలేదు. ఆ సీమల ప్రతినిధులు తమ్ము అడుగక తమ్ము పంచుకొనుట అన్యాయమని ఫ్రెంచి జాతీయసభలో మొఱపెట్టి నిష్క్రమించిరి.

ఐదువందల కోట్ల బాకీని ఫ్రాన్సు గడువునకు ముందే, 1873 సెప్టెంబరునాటికి పూర్తిగా చెల్లించెను. ధనపు బాకీ తీరెను గాని భూమి బాకీ తీరలేదు. పారిస్ నగరమున స్ట్రాస్‌బర్గు పేర నిలిచిన శిలాప్రతిమకు ప్రజలు నల్లని గుడ్డలు కప్పి, పూలదండలు వైచి, నలువదేండ్లకు పైగా దుఃఖము తెలుపుచుండిరి.

ఆదిపర్వమున ద్రోణుడు శిష్యులచేత ద్రుపదుని పట్టితెప్పించి, సగము రాజ్యము తాను తీసికొని, సగము తిరిగి యిచ్చి, ఇక మనము స్నేహితులమని పంపివేసెను. ద్రుపదుడు పైకి సరేయని తలయూచి పోయెను. పోయినవాడు ద్రోణుని చంపు కొడుకు కొరకు యజ్ఞము చేసెను. సగము రాజ్యము తీసికొన్న చోట స్నేహము మొలవదను సత్యము మన పల్లెలలో భారతము విన్నవారి కందరికి తెలిసినదే.

కరకట్టల కావలి

నాటినుండి పందొమ్మిదేండ్లు బిస్మార్కు చేసినదంతయు, ఫ్రాన్సునకు తోడు దొరకకుండ చూచుటయే. మహారాజ్యము లైదున్నచోట మూడింటి పక్షమున మన ముండవలెనని అతని లెక్క. 1873లో జర్మనీ, ఆస్ట్రియా, రష్యా చక్రవర్తులను మువ్వురను పొత్తు కలిపెను. 1875లో ఫ్రాన్సును బెదరింపబోగా, ఇంగ్లండును రష్యాయు కూడ అడ్డుపడెను. యుద్ధములతో గెలుచు కాలము ముగిసినదని అతడు గ్రహించెను. తదాది యుద్ధమును నివారించుటయే అతని వ్రతమయ్యెను.

రష్యా తురుష్కులను ఓడించి బాల్కను దేశములలో పెద్ద బల్గేరియాను నిలుపబోగా, ఇంగ్లండును ఆస్ట్రియాయు కత్తులు దూసెను. 1878 జూన్ 13వ తేదీన బెర్లినులో బిస్మార్కు అధ్యక్షతను మహాసభ కూడెను. తనకు లాభము కోరని నమ్మకమైన మధ్యవర్తిగా నుందునని అతడు చెప్పుకొనెను. ఒక మాసములో యుద్ధము తప్పెను. కాని బల్గేరియా ముక్కలయ్యెను. తన విజయమును కోతపెట్టినవాడు బిస్మార్కేయని రష్యా అలిగెను. మధ్యవర్తి కిరుపక్షముల నింద తప్పదు గదా.

రష్యా దూరమగుటతో 1879 అక్టోబరు 7వ తేదీన ఆస్ట్రియాతో రక్షణసంధి చేసికొనెను. రష్యా చక్రవర్తి విల్హెల్మునకు స్వయాన మేనల్లుడు. మేనల్లునిపై సంధి యేమని వృద్ధచక్రవర్తి ఎంత కాదనినను మంత్రి పట్టువిడువలేదు. 1881లో తిరిగి రష్యాను పిలిచి ముగ్గురు చక్రవర్తుల ఒడంబడిక వ్రాయించెను. ట్యూనిసును ఫ్రాన్సు ఆక్రమించుటచే అలిగిన ఇటలీని 1882లో చేర్చుకొని త్రైపాక్షిక సంధి చేసెను. బల్గేరియా తగవులో ఆస్ట్రియాకును రష్యాకును మరల చెడగా, 1887 జూన్ 18వ తేదీన రష్యాతో మాత్రమే మూడేండ్ల రహస్యసంధి చేసికొనెను. చరిత్రకారులు దీనిని పునర్భీమా ఒడంబడిక యందురు. ఆస్ట్రియాను రష్యా కొట్టినచో ఆస్ట్రియాకు తోడు. ఆస్ట్రియాయే రష్యాను కొట్టినచో జర్మనీ తటస్థము. ద్వైధీభావమున కింతకన్న మంచి యుదాహరణము దొరకదు.

ఆ యేడే అతని చిట్టాలో పెద్ద పొరపాటు దొరలెను. నవంబరు మాసమున రష్యా ఋణపత్రములను కుదువ పెట్టుకొని అప్పీయరాదని జర్మను ప్రభుత్వపు బ్యాంకును కట్టడిచేసెను. బెర్లినులో అప్పు దొరకని రష్యా 1888లో పారిస్ షాహుకార్లను ఆశ్రయించెను. సంధిపత్రము కట్టిపడవేసిన రష్యాను అప్పుపత్రము ఫ్రాన్సు గుమ్మములో నిలిపెను.

ఇంటిపాలనములో అతని నడవడి మిశ్రమమైనది. కథోలిక మతస్థులతో తగవుపడి చివరకు వెనుకకు తగ్గెను. 1878లో సోషలిస్టులను అణచుటకు కఠినమైన చట్టము చేసెను. కార్మికులు వారివైపు పోకుండుటకే కావచ్చును, 1883లో రోగభీమా, 1884లో ప్రమాదభీమా, 1889లో వృద్ధాప్యపు పింఛను చట్టములు చేయించెను. ఉద్దేశ మేదైనను, పనివాని ముసలితనమునకు రాజ్యము పూచీపడవలెనను పద్ధతి లోకమునకు అచటనుండి వ్యాపించెను. 1884, 1885 సంవత్సరములలో ఆఫ్రికాఖండపు వ్యవహారములపై బెర్లినులో మరియొక సభ అతని యధ్యక్షతనే జరిగెను. ఆ ఖండపువాడు ఒక్కడును లేకయే ఆ ఖండపు బాగోగులు నిర్ణయించిరి. ఐరోపా త్రాసు సమముగా నుండుటకు పరఖండముల ప్రజలు తూనికరాళ్ళయిరి.

అస్తమయము

1888 మార్చి 9వ తేదీన విల్హెల్ము చక్రవర్తి గతించెను. నికోల్స్‌బర్గులో సాయపడిన యువరాజు ఫ్రెడరికు రోగముతో 99 దినములు మాత్రమే ఏలి మరణించెను. ఇరువదితొమ్మిదేండ్ల రెండవ విల్హెల్ము సింహాసన మెక్కెను. పడుచు చక్రవర్తికి ముసలిమంత్రి పెత్తనము గిట్టలేదు. 1890 మార్చిలో, డెబ్బదియైదేండ్లు నిండవచ్చిన బిస్మార్కు పదవినుండి తొలగవలసివచ్చెను.

రష్యా రహస్యసంధి గడువు ఆ వేసవితో తీరుచుండెను. దానిని కొనసాగింప రష్యా కోరినను, కొత్తవారు ఇన్ని ముడులు మాకు చేతకావని విడిచిపెట్టిరి. రష్యా ఫ్రాన్సు వైపు తిరిగెను. 1894నాటికి ఆ రెంటికిని సైనికసంధి స్థిరపడెను. ఏ గండిని పూడ్చుటకు బిస్మార్కు జీవితమంతయు మన్ను వేసెనో, ఆ గండి అతని కన్నులయెదుటనే పడెను. ఫ్రీడ్రిక్స్‌రూ గ్రామమున విశ్రాంతి గొనుచు, పత్రికలలో ప్రభుత్వమును విమర్శించుచు, 1898 జూలై 30వ తేదీన అతడు పరమపదించెను.

1904లో ఇంగ్లండు ఫ్రాన్సుతోను, 1907లో రష్యాతోను పొత్తు కలిపెను. ఐదింట మూడు ఒకవైపుననే యుండెను గాని జర్మనీ ఆ మూటిలో లేదు. 1914లో బాల్కను నిప్పు రాజుకొనగా సంధిపత్రములే త్రాళ్ళై రాజ్యములను ఒకదాని వెంట నొకదానిని యుద్ధములోనికి లాగెను. ఇటలీ మొదట కదలక, 1915లో ఎదుటిపక్షము చేరెను. ఐరోపావారి ఆ పగ మన తీరమును సైతము తాకెను. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి జర్మను యుద్ధనౌక ఎమ్డెన్ చెన్నపట్టణపు రేవుపై ఫిరంగులు కాల్చి నూనెతొట్లను తగులబెట్టెను. పది లక్షలకు పైబడిన భారతీయులు తమకు పేరైనను తెలియని తగవుల కొరకు సముద్రములు దాటిరి. వేలకొలది తిరిగి రాలేదు.

1918లో జర్మనీ ఓడెను. 1919 జూన్ 28వ తేదీన, అదే వెర్సెయిల్స్ కోటలో, అదే అద్దాల మహలులో, జర్మను ప్రతినిధులు తలవంచి సంతకములు చేసిరి. ఆల్సేస్, లొరెయిన్ సీమలు ఫ్రాన్సునకు తిరిగి పోయెను. ఈమారు గెలిచినవారు బిస్మార్కు పొరపాటునే తామును చేసిరి. 1940లో ఆ సీమలు మరల జర్మనీ వశమై, రెండవ మహాయుద్ధము ముగియుసరికి మరల ఫ్రాన్సునకు వచ్చెను. డెబ్బదియైదేండ్లలోపల నాలుగుమార్లు చేతులు మారిన ఆ భూమికి ప్రతిమారును వెల నెత్తుటితోనే చెల్లెను. ప్రష్యా రాజ్యము పేరే 1947లో కొట్టివేయబడెను.

1951లో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ మరి నాలుగు దేశములతో కలిసి, యుద్ధములకు మూలమైన బొగ్గును ఉక్కును ఉమ్మడి యజమాయిషీ క్రింద నుంచుకొనిరి. ఆల్సేస్ ముఖ్యనగరమైన స్ట్రాస్‌బర్గునందే ఇపుడు ఐరోపా దేశముల ఉమ్మడి శాసనసభ కూడుచున్నది. ఒకనాడు నల్లని గుడ్డలు కప్పించుకొన్న పేరు అది.

బిస్మార్కు సమర్థుడు, సాహసి, అవసరమైనచోట నిర్దయుడు. పెక్కు జర్మను రాజ్యములను ఒకటిగా కూర్చినవాడు. సంధులు కట్టుటలో అతనిని మించినవాడు ఆ శతాబ్దమున లేడు. అయినను ఓడినవానికి లేచి నిలువ చోటు విడిచిన సంధి, వ్రాసినవాడు పోయిన పిమ్మటను నిలిచెను. ఓడినవాని పొలములో గట్టు జరిపి పాతిన హద్దురాయి, ఎన్ని సంధులు కాపు కాచినను నిలువలేదు. ఈ రెండు పద్దులును వ్రాసిన చేయి ఒక్కటియే యగుటచేత, అతని చరిత్రము పాలించువారికిని, పొలముగట్ల తగవులు తీర్చు పెద్దలకును సమానముగా చదువదగియున్నది.